క్యూబన్ లింక్స్ గొప్పదే, కానీ అది సోలో కాదు

జెర్సీ సిటీలో మేం నలుగురం అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో ఆదివారం వంట నాదీ, ఖమ్మం నుంచి వచ్చిన మా రూమ్మేట్‌దీ. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వాడు ల్యాప్‌టాప్‌లో పాటలు పెట్టేవాడు. 2008 చలికాలంలో ఒక ఆదివారం, అమెరికన్ ర్యాప్ గుంపు వూ టాంగ్ క్లాన్‌లోని రేక్వాన్ సోలోగా, అంటే తన ఒక్కడి పేరుతో, చేసిన క్యూబన్ లింక్స్ ఆల్బమ్ పెట్టి, కుక్కర్ మూత బిగిస్తూ, "వూ టాంగ్ వాళ్లల్ల దీన్ని మించిన సోలో ఎవ్వడన్న చేసిండా, చెప్పు మామా" అన్నాడు. "అదే గుంపులో జిజ్జా చేశాడుగా, లిక్విడ్ స్వోర్డ్స్" అన్నాను. మూడు విజిళ్లు వచ్చేలోపు తేలిపోతుందనుకున్న మాట అది. పదిహేనేళ్లు దాటినా తేలలేదు.

వాడిప్పుడు డల్లాస్‌లో, నేను హైదరాబాద్‌లో. నెలకోసారి ఫోన్ చేసుకుంటాం. పిల్లల చదువులు, పెద్దవాళ్ల ఆరోగ్యాలు అయ్యాక మాట ఎలాగోలా ఆ రెండు ఆల్బమ్‌లూ వచ్చిన 1995కి వెళ్తుంది. వాడు ఇప్పటికీ రేక్వాన్ పక్షమే. నేను మాత్రం మారాను. జిజ్జాను వదిలి రేక్వాన్ వైపు వెళ్లలేదు. ఇద్దరినీ దాటి అదే గుంపులోని గోస్ట్‌ఫేస్ దగ్గరికి వెళ్లాను. ఎందుకు మారానో ఫోన్లో మొదటి నుంచీ చివరిదాకా చెప్పడం ఎప్పుడూ కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వూ టాంగ్ క్లాన్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. న్యూయార్క్ నగరంలో బరోలు అనే ఐదు పెద్ద భాగాలున్నాయి. హిప్ హాప్ పుట్టింది బ్రాంక్స్‌లో. క్వీన్స్ నుంచి, బ్రూక్లిన్ నుంచి పెద్ద పెద్ద పేర్లు వచ్చాయి. స్టాటన్ ఐలాండ్‌ను మాత్రం తొంభైల మొదట్లో ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. మాన్‌హాటన్ నుంచి అక్కడికి నేరుగా వెళ్లాలంటే పడవెక్కాలి. ఆ దీవిలోని పార్క్ హిల్, స్టేపుల్టన్ పేదల అపార్ట్‌మెంట్లలో కొందరు, బ్రూక్లిన్‌లో కొందరు పెరిగారు. మొత్తం తొమ్మిది మంది ఒక గుంపు కట్టారు. కుంగ్‌ఫూ సినిమాల మీది ప్రేమతో తమ దీవికి షావోలిన్ అని పేరు పెట్టుకున్నారు. నాయకుడు, బీట్లు, అంటే ర్యాప్ వెనక నడిచే సంగీతం, కట్టేవాడు రిజ్జా. జిజ్జా, ఓల్ డర్టీ బాస్టర్డ్ అతని కజిన్స్. మిగతావాళ్లు మెథడ్ మ్యాన్, రేక్వాన్, గోస్ట్‌ఫేస్ కిల్లా, ఇన్‌స్పెక్టా డెక్, యూ గాడ్, మాస్టా కిల్లా. 1993 నవంబర్ 9న వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది.

రిజ్జా బీట్ల గురించి అందరూ మాట్లాడతారు. అతను కాగితం మీద చేసిన పని గురించి ఇంకా ఎక్కువ మాట్లాడాలని నాకనిపిస్తుంది. లౌడ్ రికార్డ్స్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక షరతు పెట్టాడు. గుంపుగా చేసే ఆల్బమ్ మీకే ఇస్తాం, కానీ మాలో ఎవరు ఏ కంపెనీతో సోలో చేసుకున్నా మీరు అడ్డు చెప్పకూడదు. కంపెనీలు మామూలుగా ఇలాంటిదానికి ఒప్పుకోవు. గుంపులో ఒకడికి పేరొస్తే అతని సోలో కూడా తమకే రావాలని ముందే రాయించుకుంటాయి. ఆ స్వేచ్ఛ కోసం వీళ్లు తక్కువ అడ్వాన్స్‌కు సరే అన్నారు. తర్వాత మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కి, ఓల్ డర్టీ బాస్టర్డ్ ఎలెక్ట్రాకి, జిజ్జా గెఫెన్‌కి, గోస్ట్‌ఫేస్ ఎపిక్‌కి వెళ్లారు. రేక్వాన్ లౌడ్‌లోనే ఉన్నాడు. ఎవరు ఎక్కడికి వెళ్లినా బీట్ మాత్రం రిజ్జాదే. తనవాళ్లను అతను అడిగింది ఒకటే: ఐదేళ్లు నా మాట వినండి, మనల్ని మొదటి స్థానానికి తీసుకెళ్తాను. 1997 జూన్‌లో వచ్చిన రెండో గుంపు ఆల్బమ్, వూ టాంగ్ ఫరెవర్, అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలో దిగింది.

ఆ ఐదేళ్ల మధ్యలో వచ్చిన పంట మీదే అభిమానుల పోట్లాటంతా. 1994 నవంబర్‌లో మెథడ్ మ్యాన్ టికల్. 1995 మార్చిలో ఓల్ డర్టీ బాస్టర్డ్ ఆల్బమ్. అదే ఏడాది ఆగస్టు 1న రేక్వాన్ ఓన్లీ బిల్ట్ ఫర్ క్యూబన్ లింక్స్, నవంబర్ 7న జిజ్జా లిక్విడ్ స్వోర్డ్స్. 1996 అక్టోబర్‌లో గోస్ట్‌ఫేస్ ఐరన్‌మ్యాన్. రెండేళ్లలో ఐదు ఆల్బమ్‌లు, దాదాపు అన్నీ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చినవి. ఏ ఇతర హిప్ హాప్ గుంపుకూ ఇలాంటి రెండేళ్లు లేవు.

రేక్వాన్‌తోనే మొదలుపెడతాను. మా రూమ్మేట్ వాదనలో బలముంది, దాన్ని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. క్యూబన్ లింక్స్ క్యాసెట్ ఊదా రంగు ప్లాస్టిక్‌లో వచ్చింది. షాపులో వందల క్యాసెట్ల మధ్య దూరం నుంచే గుర్తుపట్టాలని రేక్వాన్ అలా చేయించాడు. అభిమానులు దాన్ని ఇప్పటికీ పర్పుల్ టేప్ అనే పిలుస్తారు. పాటలు మొదటి నుంచి చివరిదాకా ఒక సినిమాలా నడుస్తాయి. మత్తుమందుల వ్యాపారంలో ఇరుక్కున్న ఇద్దరు స్నేహితులు, ఇంకొక్కసారి గట్టిగా సంపాదించి బయటపడాలన్న ఆశ, ఆ ఆశ వెనకే నడిచే భయం. గుంపులోవాళ్లు మాఫియా పేర్లు పెట్టుకున్నది ఈ ఆల్బమ్‌లోనే. ఆ తర్వాత న్యూయార్క్‌లో ర్యాపర్లు వరసగా మాఫియా పేర్లు తగిలించుకున్నారు. క్వీన్స్ ర్యాపర్ నాస్ వచ్చి ఒక పాటలో వర్స్, అంటే తన వంతు చరణం, చెప్పాడు. బయటివాడికి వూ టాంగ్ ఇంట్లో పీట వేయడం అదే మొదటిసారి.

రేక్వాన్ మాటలు పేర్చే తీరు వేరు. వీధి పదాలు, బట్టల బ్రాండ్లు, తిండి పేర్లు, డబ్బు లెక్కలు అన్నీ గాలి చొరబడనంత దగ్గరగా ఉంటాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు సగం కూడా తెలియలేదు. న్యూజెర్సీలోనే పుట్టి పెరిగిన మా క్లాస్‌మేట్‌ను అడిగితే, తనకూ సగమే తెలిసిందని చెప్పాడు. అర్థం తెలియకపోయినా ఆ గదిలో సిగరెట్ పొగ, మూల మీద వేలాడే బల్బు, తలుపు వైపు చూస్తున్న కళ్లు అన్నీ కనిపిస్తాయి. ఆ శక్తిని నేను కాదనడం లేదు.

2009 వసంతంలో ఒక శనివారం మేమిద్దరం స్టాటన్ ఐలాండ్ వెళ్లాం. జెర్సీ సిటీ నుంచి పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి, వైట్‌హాల్ టెర్మినల్ దాకా నడిచాం. నారింజ రంగు ఫెర్రీ, టికెట్ లేదు, ఇరవై ఐదు నిమిషాల ప్రయాణం. జనమంతా లిబర్టీ విగ్రహాన్ని ఫొటోలు తీసుకోవడానికి కుడివైపు రెయిలింగ్ దగ్గర మూగారు. మేం వెనక బెంచీ మీద ఒకే ఇయర్‌ఫోన్స్‌ను చెరొకటి పెట్టుకుని క్యూబన్ లింక్స్ వింటున్నాం. అప్పటికి ఇద్దరికీ చాలా లైన్లు నోటికొచ్చు. వాడు రేక్వాన్ లైన్లు అంటుంటే, అతని వర్స్ అయిపోగానే నేను తెలియకుండానే గోస్ట్‌ఫేస్ లైన్లు అందుకుంటున్నాను. క్రిమినాలజీ పాట మొదలైనప్పుడు వాడు ఊరుకున్నాడు, నేను అందుకున్నాను. ఆ పాటలో మొదటి వర్స్ గోస్ట్‌ఫేస్‌దే. రేక్వాన్ ఆల్బమ్‌లో రేక్వాన్ తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

అక్కడ నాకు మా ఊరి బుర్రకథ గుర్తొచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో చిన్నప్పుడు చూశాను. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథ కథకుడిదే. కానీ ఒక వంత అడ్డుపడి ప్రశ్న వేయకపోతే, ఇంకో వంత నవ్వించకపోతే, ఇద్దరూ తందాన తాన అని ఎత్తుకోకపోతే ఆ కథ పది నిమిషాలు కూడా నిలబడదు. మా తాతయ్య నాజర్ గారి పేరు ఎత్తితే చేతులు జోడించేవాడు. ఆయన పక్కన గుమ్మెట పట్టినవాళ్లెవరు తాతయ్యా అంటే చాలాసేపు ఆలోచించి, చెప్పలేకపోయేవాడు.

క్యూబన్ లింక్స్‌లో గోస్ట్‌ఫేస్ అలాంటి వంత. ఇంకా చెప్పాలంటే అంతకంటే ఎక్కువే. కవర్ మీద రేక్వాన్ వెనక నిలబడ్డది అతనే. అతిథి పాత్రలో టోనీ స్టార్క్స్ అని వేసిన పేరూ అతనిదే. చాలా పాటల్లో గొంతు కలిపాడు. రేక్వాన్ నింపాదిగా, లోగొంతుతో చెప్పేచోట అతను అరుస్తాడు, ఊపిరాడనట్టు పరిగెడతాడు, ఏడుపు గొంతులోకి వెళ్తాడు. ఒకడు లెక్క చెబుతుంటే ఇంకొకడు ఆ లెక్క వెనక ఉన్న భయం చెబుతాడు. ఆ జంట లేకపోతే ఆ సినిమా లేదు.

ఇది ఊహ కాదు, దీనికి రుజువు రేక్వాన్ రెండో ఆల్బమ్. 1999లో ఇమ్మొబిలారిటీ వచ్చింది. అందులో రిజ్జా బీట్ లేదు, గోస్ట్‌ఫేస్ గొంతు లేదు. రేక్వాన్ అక్షరాలా తన కాళ్ల మీద తాను నిలబడి చేసిన ఆల్బమ్ అది. పర్పుల్ టేప్‌ను గుండెకు హత్తుకున్నవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత, 2009 సెప్టెంబర్‌లో, క్యూబన్ లింక్స్ రెండో భాగం చేశాడు. గోస్ట్‌ఫేస్ తిరిగొచ్చాడు, రిజ్జా తిరిగొచ్చాడు. మళ్లీ అందరూ నెత్తిన పెట్టుకున్నారు. మా వాడైతే విడుదలైన రోజే సీడీ కొనుక్కొచ్చాడు. మూడు ఆల్బమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే రేక్వాన్ ప్రతిభ గురించి ఒక్క అనుమానమూ రాదు. కానీ ఆ ప్రతిభ వికసించేది ఎదురుగా ఇంకొకడున్నప్పుడే. దాన్ని జంట ఆల్బమ్ అని ఒప్పుకుంటే దానికి దక్కే గౌరవం తగ్గదు, గోస్ట్‌ఫేస్‌కు దక్కాల్సింది దక్కుతుంది.

ఇక లిక్విడ్ స్వోర్డ్స్. పదేళ్లు నా జెండా అది. ఇప్పటికీ వర్షం పడే రాత్రి కారులో ఒక్కణ్నే ఉంటే నేను పెట్టేది అదే. 1980లో వచ్చిన షోగన్ అసాసిన్ సినిమాలో ఒక పిల్లవాడు తన తండ్రి గురించి చెప్పే మాటలతో ఆల్బమ్ మొదలవుతుంది. ఆ గొంతు వినగానే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కవర్ మీద చదరంగం బల్ల, దాని మీద కత్తులు దూస్తున్న మనుషులు. కామిక్స్ గీసే డెనిస్ కోవన్ గీసిన బొమ్మ. జిజ్జా గుంపులో పెద్దవాడు. అందరికంటే ముందే, 1991లోనే, కోల్డ్ చిల్లిన్ అనే కంపెనీతో ఒక సోలో చేశాడు. అది ఎవరికీ పట్టలేదు. ఆ దెబ్బ తిన్న మనిషి నాలుగేళ్ల తర్వాత రికార్డు కంపెనీల పేర్లన్నీ మాటల మధ్యలో దాచి లేబుల్స్ అనే పాట కట్టాడు. కోపాన్ని అంత చల్లగా, అంత పొదుపుగా చెప్పినవాడు ఇంకొకడు లేడు. ఒక్క పదం తీసేస్తే వాక్యం కూలిపోతుంది, ఒక్క పదం కలిపితే బరువైపోతుంది.

ఇంత ఇష్టపడీ ఎందుకు వదిలానంటే, ఒకరోజు పాటల వివరాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. గుంపులో తొమ్మిది మందీ ఆ ఆల్బమ్‌లో ఉన్నారు. షాడోబాక్సిన్ పాటలో మెథడ్ మ్యాన్‌కు రెండు వర్స్‌లు, మధ్యలో జిజ్జాకు ఒకటి. చివరి పాటలో జిజ్జా అసలు లేనే లేడు, మొత్తం గుంపుకు దగ్గరివాడైన కిల్లా ప్రీస్ట్ ఒక్కడే చెప్పాడు. ఆ ఒక్క పాట తప్ప మిగతా బీట్లన్నీ రిజ్జావి. జిజ్జా మేధస్సు లేకుండా ఆ ఆల్బమ్‌ను ఊహించలేం, నిజమే. అయినా అది తొమ్మిది మంది కలిసి తమ అన్నయ్య కోసం కట్టిన ఇల్లు.

మా రూమ్మేట్ ఇక్కడ ఎప్పుడూ ఒకటే అంటాడు: "ఒక్కడే చేస్తేనే సోలో అంటే, ప్రపంచంల సోలోనే లేదు." ఒప్పుకుంటాను. తలుపులేసుకుని ఒంటరిగా చేయమని నేను ఎవరినీ అడగడం లేదు. నేను అడిగేది ఇంకో ప్రశ్న. గుంపులో ఉంటే ఈ మనిషి ఎప్పటికీ చేయలేని పని, ఈ ఆల్బమ్‌లో ఏం చేశాడు?

ఈ ప్రశ్నకు చాలా గట్టి జవాబు వూ టాంగ్ బయటే ఉంది. ఐస్ క్యూబ్. ఎన్.డబ్ల్యూ.ఏ. గుంపులో సగం మాటలు రాసినవాడు, డబ్బు లెక్కలు తేలక 1989 చివర్లో బయటికొచ్చాడు. అతను లాస్ ఏంజెలెస్ మనిషి, అతని బీట్లు కట్టే డాక్టర్ డ్రే పాత గుంపులోనే ఉండిపోయాడు. అప్పుడు అతను దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు, న్యూయార్క్‌కు వచ్చి, అక్కడి ర్యాప్ గుంపు పబ్లిక్ ఎనిమీకి పాటలు కట్టే బాంబ్ స్క్వాడ్‌తో కూర్చున్నాడు. 1990 మేలో అమెరికాస్ మోస్ట్ వాంటెడ్ వచ్చింది. కాంప్టన్ కోపం, న్యూయార్క్ రొద. ఎన్.డబ్ల్యూ.ఏ.లో ఉండి ఉంటే ఆ రెండూ ఒకే గదిలో కలిసేవి కావు. ఇల్లు వదిలినవాడే చేయగల ఆల్బమ్ అది.

లారిన్ హిల్ విషయంలో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. ఫ్యూజీస్ గుంపులోని ముగ్గురిలో ఆమె బయటికొచ్చి 1998 ఆగస్టులో చేసిన మిస్ఎడ్యుకేషన్ మరుసటి ఏడాది ఆమెకు ఐదు గ్రామీలు తెచ్చింది. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన మొదటి హిప్ హాప్ ఆల్బమ్ అది. అందులో పనిచేసిన నలుగురు సంగీతకారులు తమకు రావాల్సిన పేరు రాలేదని కోర్టుకెళ్లడం, 2001లో అది బయటే సర్దుబాటు కావడం కూడా ఆ కథలో భాగం. వంతల పేర్లు మరిచిపోవడం స్టాటన్ ఐలాండ్‌కే పరిమితం కాదు. ఆల్బమ్ గొప్పతనం నాకు తెలుసు, మా ఆవిడకు హిప్ హాప్‌లో నచ్చేది అదొక్కటే. అయితే ఆ గుంపు మొదటి నుంచీ ఆమె గొంతు మీదే నిలబడి ఉంది. వంతగా ఉన్న మనిషి కథకుడిగా మారడంలో ఉన్న తెగింపు వేరు. ఔట్‌కాస్ట్ గుంపులోని ఇద్దరూ 2003లో రెండు సోలోలను ఒకే పెట్టెలో పెట్టి గుంపు పేరుతోనే ఇచ్చారు. అది సోలోనా కాదా అనే చర్చలోకి దిగితే ఈ వ్యాసం ఎప్పటికీ పూర్తికాదు.

ఇక్కడ ఇన్‌స్పెక్టా డెక్ గురించి ఆగి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఉత్తమ సోలోల జాబితాలు ఎవరు రాసినా డెక్ పేరుండదు. కానీ గుంపును ప్రపంచానికి పరిచయం చేసిన ప్రొటెక్ట్ యా నెక్ పాటలో మొదటి వర్స్ ఎవరిది? డెక్‌ది. క్రీమ్ పాటలో రెండో వర్స్, పదిహేనేళ్ల కుర్రాడు జైలుకెళ్లి వచ్చి పెద్దవాడైన కథ, ఎవరిది? డెక్‌ది. 1997లో ట్రయంఫ్ పాట తెరిచి, అందరూ కంఠతా పట్టిన ఆ వర్స్ ఎవరిది? అదీ డెక్‌దే. క్యూబన్ లింక్స్‌లో గిలటీన్ పాట అతనితో మొదలవుతుంది. లిక్విడ్ స్వోర్డ్స్‌లో కోల్డ్ వరల్డ్‌కు ఆ చలి అతని గొంతుతోనే వచ్చింది. ఇతరుల ఆల్బమ్‌లను గొప్పవి చేసిన మనిషి అతను.

అతని సోలో కోసం రిజ్జా బీట్లు కట్టి పెట్టాడు. తొంభైల మధ్యలో రిజ్జా బేస్‌మెంట్‌లోకి వరద నీళ్లొచ్చాయి. వందల బీట్లు పోయాయి, డెక్ ఆల్బమ్ కోసం కట్టినవి కూడా వాటితోనే పోయాయి. మళ్లీ కట్టేలోపు మిగతావాళ్ల వంతులు వచ్చాయి, గుంపు ఆల్బమ్ వచ్చింది, ఆ ఐదేళ్లు అయిపోయాయి. చివరికి అన్‌కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ 1999 అక్టోబర్‌లో వచ్చింది. అప్పటికి జనం చెవులు వేరే వైపు తిరిగాయి. 1995లో రిజ్జా చేతి నుంచి ఆ ఆల్బమ్ వచ్చి ఉంటే మా రూమ్మేట్, నేను ఇద్దరం వేరే పేరు మీద పోట్లాడుకునేవాళ్లమేమో. నీళ్లు ఎవరి బీట్ల మీదికి వచ్చాయన్నదాన్ని బట్టి ఎవరు గొప్ప అని తేల్చడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. సోలో ఆల్బమ్ బాగా ఆడలేదు కాబట్టి వీడు రెండో రకం అని ఎవరైనా డెక్‌ను అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. మాస్టా కిల్లాదీ ఇలాంటి కథే. మొదటి గుంపు ఆల్బమ్ మొత్తంలో అతనికి దక్కింది ఒకే ఒక్క వర్స్. సొంత ఆల్బమ్ 2004లో వచ్చింది, తొమ్మిది మందిలో అందరికంటే చివరన. ఓపికతో చేసిన మంచి పని అది, వినండి.

ఇప్పుడు గోస్ట్‌ఫేస్. 1996లో ఐరన్‌మ్యాన్ వచ్చినప్పుడు కవర్ మీద ముగ్గురున్నారు: గోస్ట్‌ఫేస్, రేక్వాన్, గుంపుతో కలిసి పాడే కాపడోనా, చుట్టూ రంగురంగుల క్లార్క్స్ వాలబీ బూట్లు. సొంత ఆల్బమ్ అట్ట మీద కూడా ఒక్కడే నిలబడలేదు. అయినా ఆ ఆల్బమ్‌లో ఒక పాట ముందు దారి చూపించింది. గాయని మేరీ జె. బ్లైజ్‌తో చేసిన ఆల్ దట్ ఐ గాట్ ఈజ్ యూ. ఇరుకు ఇంట్లో పదిహేను మంది, కండరాల జబ్బుతో ఉన్న తమ్ముళ్లు, ఆ పిల్లలను సాకిన తల్లి. క్యూబన్ లింక్స్ రాసిన ప్రపంచంలో ఈ ఏడుపుకు చోటు లేదు. ఈ మనిషి దగ్గర ఇంకేదో ఉందని అప్పుడే తెలిసింది.

తర్వాత మూడేళ్లు అతనికి కష్టకాలం. షుగర్ జబ్బు బయటపడింది. వైద్యం వెతుక్కుంటూ ఆఫ్రికాలోని బెనిన్ దేశానికి వెళ్లి, అక్కడి పల్లెలో కొన్నాళ్లు ఉన్నాడు. న్యూయార్క్ శబ్దం లేని చోట కూర్చుని కొత్త మాటలు రాసుకున్నాడు, నట్‌మెగ్ పాట అక్కడ పుట్టిందే. 1999లో కొన్ని నెలలు జైల్లో గడిపాడు. ఇటు గుంపు చెదిరింది. రిజ్జా అడిగిన ఐదేళ్లు గడిచిపోయాయి, ఎవరి దారి వారిదైంది, రెండో విడత సోలోలు చప్పగా వచ్చాయి. వూ టాంగ్ పని అయిపోయిందని అందరూ అనుకుంటున్నప్పుడు, 2000 ఫిబ్రవరిలో గోస్ట్‌ఫేస్ రెండో ఆల్బమ్ సుప్రీమ్ క్లయంటెల్ వచ్చింది.

అందులోని నట్‌మెగ్ మొదటిసారి విన్నప్పుడు నాకు ఏమీ తెలియలేదు. రెండోసారీ అంతే. మూడోసారికి అర్థం వెతకడం మానేశాను, అప్పుడు పాట తెరుచుకుంది. తినే వస్తువుల పేర్లు, చిన్నప్పటి టీవీ పాత్రలు, వీధి మూలలు, దేవుడు, బూట్లు, ఎవరో ఆడమనిషి నవ్వు, అన్నీ ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వస్తాయి. వాక్యానికి వాక్యానికి లంకె ఉండదు, శబ్దానికి శబ్దానికి ఉంటుంది. జ్వరంలో ఉన్న మనిషి జ్ఞాపకాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చినట్టుంటుంది. అయినా ప్రతి మాటా బీట్ మీద పడాల్సిన చోటే పడుతుంది. మా వాడు ఒకసారి "ఇది పిచ్చి వాగుడు" అన్నాడు. అలా అనుకుని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కసారి ఆ మాటలను కాగితం మీద రాసుకుని చూడండి. ప్రాసలు లైను చివర్లోనే కాదు, లోపల మూడు నాలుగు చోట్ల అల్లుకుని ఉంటాయి. ఇంత క్రమంగా పిచ్చి వాగడం ఎవరి వల్లా కాదు.

ఈ భాష గుంపులో పుట్టేది కాదు. గుంపు పాటలో నీకు పదహారు లైన్లిస్తారు, ముందున్నవాడిని మించి చెప్పి మైకు పక్కవాడికి ఇవ్వాలి. అక్కడ తెలివి, దూకుడు, గుర్తుండిపోయే ఒక లైను కావాలి. తనలో తాను మాట్లాడుకునేంత తీరిక ఉండదు. క్యూబన్ లింక్స్‌లో రేక్వాన్ పక్కన అరిచినప్పుడు కూడా గోస్ట్‌ఫేస్ ఆ కథకు కట్టుబడ్డాడు. ఇక్కడ ఎవరి కథకూ కట్టుబడలేదు. వంత తంబురా అందుకుని, ఇంతకుముందు ఏ కథకుడూ చెప్పని కథ ఎత్తుకున్నాడు.

మా రూమ్మేట్ అడ్డు మాట నాకు తెలుసు. "గండ్ల గూడ అందరున్నరు గదా మామా. రేక్వాన్ ఉన్నడు, మెథడ్ మ్యాన్ ఉన్నడు, నీ జిజ్జా గూడ ఉన్నడు. బీట్లు జేసింది గూడ ఆఖర్ల రిజ్జానే గదా?" ఇందులో నిజముంది. బీట్లు చాలామంది దగ్గర్నుంచి వచ్చాయి. మైటీ హెల్తీ అనే పాట మ్యాథమెటిక్స్ అనే అతను కట్టినది, వన్ అనే పాటకు బీట్ బీట్‌నట్స్ గుంపులోని జూజూది. ఎవరెవరో తెచ్చిన ఆ ముక్కలన్నిటినీ రిజ్జా కూర్చుని సరిచేసి ఒకే ఇంటి శబ్దంలా తయారుచేశాడు. కానీ తేడా గమనించండి. 1995లో రిజ్జా బీట్ ముందు పుట్టేది, ఎవరు దాని మీద బాగా చెబితే వాళ్లకు దక్కేది. ఇక్కడ గోస్ట్‌ఫేస్ తనకు నచ్చిన బీట్లు తానే ఏరుకుని తెచ్చుకున్నాడు, రిజ్జా వాటిని అతని గొంతుకు తగ్గట్టు మలిచాడు. గురువు శిష్యుడి కోసం పనిచేశాడు. మిగతావాళ్లు వచ్చారు, తమ వర్స్ చెప్పి వెళ్లారు, వాళ్లలో ఎవరు లేకపోయినా ఆల్బమ్ నిలబడుతుంది. క్యూబన్ లింక్స్ నుంచి గోస్ట్‌ఫేస్‌ను తీసి చూడండి.

ఇవన్నీ పోయిన నెల ఫోన్లో చెప్పాను, ఈసారి వాడు అడ్డురాకుండా విన్నాడు. అంతా అయ్యాక, "సరే, మరి క్యూబన్ లింక్స్‌ల రేక్వాన్‌కు ఒక్క పాట గూడ ఇయ్యవా?" అని అడిగాడు. ఆలోచించాను. ఇన్‌కార్సరేటెడ్ స్కార్‌ఫేసెస్ ఇస్తానన్నాను. ఆ పాటలో గోస్ట్‌ఫేస్ లేడు, ఎవరూ లేరు, మొదటి నుంచి చివరిదాకా రేక్వాన్ ఒక్కడే. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు ఆ ఆల్బమ్‌ల అన్నిటికన్న ఇష్టమైన పాట గదే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మేమిద్దరం ఆ పాటే పెట్టుకున్నాం. వాడికి పొద్దున, నాకు రాత్రి. పాట అవగానే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: "ఇంక డెక్ ఆల్బమ్ పెడుతున్న. నువ్వు గూడ పెట్టు."